వాన వెలిసిన తెల్లారి

రోహిణి కార్తె, మంగళవారం

మూడో గాలిబావి. ఫ్యాను నడుస్తోంది. వడపోత గుడ్డ మార్చాను. దుమ్ము ఎక్కువగా వస్తోంది, పైన గాడ్పు తగ్గినట్టు లేదు.

బండ కింది మా ఊరికి పై గాలిని దించే ఈ ఫ్యానును చూసుకోవడం నా పని. డ్యూటీ డైరీలో ఇంతవరకు రాస్తే చాలు. కానీ దవాఖాన నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను రోజూ ఏదో ఒకటి రాసుకోమంది. రెండు చోట్ల రాసే ఓపిక నాకు లేదు. ఈ డైరీని పైవాళ్లు ఎలాగూ తెరిచి చూడరు. అందుకని ఫ్యాను సంగతీ నా సంగతీ ఇక్కడే రాసేస్తున్నాను.

పొద్దున యాకమ్మక్క వచ్చింది. నేను దవాఖాన నుంచి ఇంటికి చేరినప్పటి నుంచీ ప్రతి మంగళవారం వస్తోంది. మా ఊరు చల్లబండలో ఆమె కొలువును ‘సోపతి’ అంటారు. వానపట్టీ వదిలించుకొని వచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి, కాసేపు వాళ్లతో ఉండి రావడమే ఆ కొలువు. మొదట్లో నాకు అదొక పనిలాగే అనిపించలేదు. వస్తుంది, బోర్లించిన బకెట్ మీద కూర్చుంటుంది, మోకాళ్లు నొక్కుకుంటూ పక్కింటి పెళ్లిలో పప్పు మాడిన కథ చెబుతుంది. పట్టీ మాట ఎత్తదు. నా చేతులు వణుకుతున్నాయా అని మాత్రం ఓరగా చూస్తుంది. అన్నం తిన్నావా అంటుంది. తిన్నానంటే ఏం కూర అంటుంది. తినకుండానే తిన్నానని చెప్పేవాళ్లకు కూర పేరు చప్పున నోటికి రాదు. ఆ కిటుకు నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇవాళ ఆమె కూర సంగతి అడగలేదు.

"చౌరస్తల బోర్డు చూసినవా అన్సూర్యా?" అంది.

"లేదక్కా. ఏమైంది?"

"మొగులు కదిలిందట. మిరుగంల వాన పడతదట."

డ్యూటీ దిగాక వెళ్లి చూశాను. నిజమే. సముద్రం మీద మేఘం లేచిందనీ, మృగశిరలో మా బండ మీదికి వస్తుందనీ బోర్డు మీద అక్షరాలు వెలుగుతున్నాయి. చౌరస్తాలో ఊరంతా ఉంది, ఒక్కరూ మాట్లాడటం లేదు. నేను ఆఖరిసారి వాన చూసేనాటికి నాకు ఇంకా పెళ్లి కాలేదు. ఎండలకు తాళలేక ఊరు ఊరే బండ కిందికి దిగి ఇళ్లు తొలుచుకున్నాక, వాన అంటే పెద్దవాళ్లు చెప్పే కబురే అయింది. ఎవరో ఒక ముసలాయన ఈల వేశాడు. అప్పుడు అందరూ ఒక్కసారిగా అరిచారు.

నాకు మాత్రం నుదురు జిలపెట్టింది. సరిగ్గా పట్టీ అతికించుకునే చోట.

ఆ పట్టీ గురించి రాయాలి కదా. నుదుటికి అతికించుకుంటే చాలు, వాన కురుస్తుంది. తాటాకుల మీద చినుకుల చప్పుడు, మట్టి వాసన, చేతుల మీద చల్లదనం. బయట ఏమీ ఉండదు, అంతా తలలోనే. మొదట నేను ఆదివారం పూట మాత్రమే పెట్టుకునేదాన్ని. చివరికి అన్నం, నీళ్లు మరిచిపోయి, లేచి నిలబడలేకపోతే, మా ఆయన సాంబయ్య నన్ను భుజాన వేసుకొని దవాఖానకు మోసుకుపోయాడు. అక్కడ తలలో ఆ దారి మూసేశారు. మూసిన దారి పక్కనే మనిషి కొత్త దారి తొక్కుకోగలడని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది.

రోహిణి కార్తె, గురువారం

ఫ్యాను నడుస్తోంది. బెల్టు జారుతుంటే బిగించాను.

గురువారాలు మేమంతా బట్టలుతికే గదిలో కలుస్తాం. ఆ పూట యంత్రాలు ఆగి ఉంటాయి. గదిలో సబ్బు వాసన, గోడలకు వెచ్చటి చెమ్మ. మేం ఏడెనిమిది మందిమి, అందరం పట్టీ నుంచి బయటపడ్డవాళ్లమే. యాకమ్మక్క పెద్ద కెటిల్ నిండా అల్లం చాయ్ తెస్తుంది. ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు చెబుతారు, లేనివాళ్లు చాయ్ తాగి పోతారు.

ఇవాళ ఆ గదిలో పండగలా ఉంది. అందరికంటే ఎక్కువ సంబరం మొగిలన్నది. సొరంగాల్లో సామాను బండి తోలతాడు. ఒంటరి మనిషి. ఆయన నోరు విప్పితే ఎవరూ నవ్వకుండా ఉండలేరు.

"అసలు వానే వస్తున్నంక నకిలీ వాన ఎవనిక్కావాలె?" అన్నాడు. "నా రోగం కుదిరినట్టే. వాన పడంగనె అంగి ఇప్పి బండ మీద నిలవడుత. మీరంత నన్ను చూసి కుళ్లుకోవాలె."

మేమంతా నవ్వాం. నవ్వుతూనే, ఆయన మాటను మేమందరం నమ్మాం. నేనూ నమ్మాను. వాన కోసమే కదా పట్టీ పెట్టుకున్నది! వానే వస్తే ఇక ఆ బాధ ఎక్కడిది?

యాకమ్మక్క గ్లాసుల్లో చాయ్ పోస్తూ అడిగింది. "వాన పడ్డనాడు సరే. వాన వెలిసిన తెల్లారి ఏంజేస్తవ్ మొగిలీ?"

"తెల్లారి ఏమున్నదక్కా, బండి తోల్త."

"బండి తోలి ఇంటికొచ్చినంక?"

"ఏందక్కా నువ్వు! పెండ్లి పందిట్ల చావు ముచ్చట తీసినట్టు."

అందరూ మళ్లీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ ప్రశ్న మాత్రం వదల్లేదు. ఒక్కొక్కరినీ అడిగింది. వాన వెలిసిన మర్నాడు సాయంత్రం ఎక్కడ ఉంటావు, ఎవరితో ఉంటావు, ఆ మనిషి లేకపోతే ఎవరి దగ్గరికి వెళ్తావు. సాంబయ్యతో కలిసి రొట్టె తింటానన్నాను. సాంబయ్య డ్యూటీలో ఉంటే? నీ దగ్గరికి వస్తానన్నాను. ఆమె తల ఊపింది, గుడ్డ కుట్టి చివర ముడి వేసినట్టు.

మొగిలన్న గ్లాసు కడుక్కొస్తానని లేచి వెళ్లాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు కానీ జవాబు మాత్రం చెప్పలేదు.

మృగశిర కార్తె, సోమవారం

ఫ్యాను ఆపాం. గాలిబావి మూతికి రేకు గొడుగు బిగించాలి, లేకపోతే వాన నీళ్లన్నీ మోటారు మీద పడతాయి. ఇన్నేళ్లలో ఎవరూ వాడని గొడుగు అది, మరలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. నూనె పోసి పోసి విప్పేసరికి నా గోళ్లు నల్లబడ్డాయి.

సాయంత్రం చౌరస్తాలో సభ. మా సర్పంచి సుదర్శనం చెడ్డవాడు కాదు. నీళ్ల కరువులో అందరికంటే ఆఖరున తన బిందె పెట్టిన మనిషి. ఇవాళ ఆయన మొహంలో నేనెప్పుడూ చూడని వెలుగుంది.

"వాన వస్తున్నది. ఇగ పట్టీలమ్మెటోళ్లు మూట సర్దుకుంటరు," అన్నాడు. "సోపతి కొలువుతోని ఇగ పనిలేదు. విత్తనాల గోదాముల మంది చాలుతలేరు, యాకమ్మను అటు పంపుతున్నం."

చప్పట్లు మోగాయి. యాకమ్మక్క మోకాలు పట్టుకొని మెల్లగా లేచి నిలబడింది.

"సర్పంచి సాబ్, కాలు ఇరిగినోనికి కట్టు ఇప్పంగనె ఉరుకుమంటమా? చేతికి ఊతకట్టె ఇస్తం. ఆ కట్టెను అప్పుడే గుంజుకుంటె ఎట్ల?"

"కాలు కుదిరినంక కట్టె ఎందుకు యాకమ్మా? నయమైందని దవాఖానోళ్లే రాసిచ్చిండ్రు."

"నయమైందనేది దవాఖాన తలుపు కాడి మాట సాబ్. ఇంటి తలుపు కాడ ముచ్చట ఏరే ఉంటది."

ఎవరో నవ్వారు. ఆమె ఇంకేదో చెప్పబోయింది కానీ వెనక నుంచి డప్పు మోగింది. వాన సంబరం మొదలైపోయింది. చప్పట్లు కొట్టినవాళ్లలో సాంబయ్య కూడా ఉన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు అన్నాడు. "నీకు నయమైంది. ఇంకెన్నాళ్లు ఎవరో ఒకరు నీ చెయ్యి పట్టుకొని తిప్పుతరు? చూసెటోళ్లకు గూడ మంచిగుండదు."

కోపంగా అనలేదు. నన్ను మోసిన భుజం ఆయనది. అదంతా అయిపోయిందని ఒక్కసారి గట్టిగా అనుకోవాలని ఉంది ఆయనకు.

మృగశిర కార్తె, శనివారం

వాన పడింది.

నడి పొద్దున సైరన్ మోగింది. పనులు ఎక్కడివక్కడ వదిలేసి అందరూ మెట్లెక్కారు. పైన ఆకాశం నల్లగా, బండకు ఆనుకుని ఉంది. మొదటి చినుకు నా చెప్పు పక్కన పడి దుమ్ము లేపింది. తర్వాతది మెడ మీద పడింది. ఆ పైన లెక్కే లేదు.

నేను నిజం రాయాలి. చినుకులు కొడుతుంటే నొప్పి పుట్టింది. మట్టి వాసనకంటే ముందు తుప్పు వాసన, కాలిన గడ్డి వాసన వచ్చాయి. చీర కాళ్లకు చుట్టుకుంది. ఉరుముకు చెవులు మూసుకున్నాను. చుట్టూ జనం ఎగురుతున్నారు, అరచేతుల్లో నీళ్లు పట్టుకొని తాగుతున్నారు, బురదలో దొర్లుతున్నారు. నేను వాళ్ల మధ్య నిలబడి, ఇంతేనా అనుకున్నాను. పట్టీలో వాన ఇంతకంటే మెత్తగా ఉండేది. ఇంతకంటే చల్లగా ఉండేది. అది నా కోసమే కురిసేది.

ఏడుపు ఆగలేదు. సాంబయ్య వచ్చి నన్ను దగ్గరికి తీసుకున్నాడు. "ఏడువు, తనివితీర ఏడువు," అన్నాడు. ఆయన కూడా ఏడుస్తున్నాడు, సంతోషంతో. నా ఏడుపు వేరే అని ఎలా చెప్పను?

అప్పుడు యాకమ్మక్క కనిపించింది. ఊరంతా తలెత్తి ఆకాశం చూస్తుంటే, ఆమె ఒక్కతే చూడటం లేదు. కొంగు నెత్తిన వేసుకొని, జారే బండ మీద ఆ నొప్పి మోకాళ్లతో అడుగులో అడుగు వేస్తూ, మా గురువారం వాళ్ల మొహాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ తిరుగుతోంది. తన జీవితంలోనూ ఇన్నేళ్లకు పడిన వాన అది. దాన్ని ఆమె చూడనేలేదు. ఆ కొలువు ఆమెకు అప్పటికే లేదు కూడా.

నా దగ్గరికి వచ్చి, "ఎట్లుంది బిడ్డా?" అంది.

"మంచిగున్నదక్కా."

"నాకైతె చలి పెడుతున్నది. ముక్కు కారుతున్నది. గీ దానికా ఇంత లొల్లి అనిపిస్తున్నది."

ఆమె ఆ మాట అనకపోతే నేను ఎప్పటికీ చెప్పేదాన్ని కాదు. "ఆ వానే బాగుండెనక్కా," అన్నాను. చెప్పిన వెంటనే సిగ్గుతో చచ్చిపోయాను.

"బాగనే ఉంటది. అమ్మెటోడు బాగుండెటట్టే చేస్తడు గద." కొంగు పిండి నా మొహం తుడిచింది. "ఇది సాంబయ్యకు చెప్పినవా?"

"లేదు."

"నాకు చెప్పినవ్ గద, ఇయ్యాల్టికి చాలు. ఇంటికి పోయి తల తుడుచుకో. మధ్యాన్నాలు గోదాముకు రా, రొట్టె తిందాం."

తర్వాత మొగిలన్న వైపు వెళ్లింది. ఆయన అన్నట్టే అంగీ విప్పి, ఎత్తయిన గుండురాయి మీద చేతులు చాపి నిలబడి ఉన్నాడు. ఆమె కింద నుంచి పిలిచింది. ఆయన చెయ్యి ఊపి, ఉరుముకంటే గట్టిగా అరిచాడు. "నాకు నయమైందక్కా! నువ్వు ఇంటికి పో!"

ఆరుద్ర కార్తె, బుధవారం

ఫ్యాను నడుస్తోంది కానీ మోటారు కింద నీళ్లు ఊరుతున్నాయి. తోడి పోస్తున్నాం.

మంగళవారం బకెట్ మీద ఎవరూ కూర్చోలేదు. గాలిబావుల్లోకి రావడానికి యాకమ్మక్కకు ఇచ్చిన బిళ్లను వెనక్కి తీసుకున్నారు. ఊరంతా పైన విత్తుతోంది. సాంబయ్యకు రెండు డ్యూటీలు. బట్టలుతికే గదికి తాళం. నేను గోదాముకు ఒక మధ్యాహ్నం వెళ్లాను, తర్వాత పని ఎక్కువై మానేశాను. పని ఎక్కువన్నది సాకే అనుకుంటా.

నిన్న డ్యూటీ దిగి ఇంటికి బయలుదేరిన కాళ్లు పుట్టగొడుగుల షెడ్ల వైపు తిరిగాయి. పట్టీలమ్మే వాడు మూట సర్దుకోలేదు. అక్కడ మునుపటి కంటే ఎక్కువ మందే ఉన్నారు. వాడికి నా పేరు ఇంకా గుర్తుంది.

"రా అన్సూర్యక్కా. పైన బురదే గద. మా దగ్గర బురద లేని వానున్నది."

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నాలో గట్టితనం ఏదో ఉండి ఆగానని రాస్తే అబద్ధమవుతుంది. నాలో గట్టితనం అప్పుడు ఏ మూలా లేదు. యాకమ్మక్కకు ఇచ్చిన మాట ఒక్కటి ఉంది, సాంబయ్య డ్యూటీలో ఉంటే నీ దగ్గరికి వస్తానని. నెలల తరబడి ఆమె వచ్చి కూర్చోకపోతే ఆ మాటకు నా మీద అంత బలం ఉండేది కాదు. వెనక్కి తిరిగాను. గోదాము దాకా ఆగకుండా నడిచాను.

ఆమె నా మొహం చూసింది. చేట నిండా సజ్జ విత్తనం పోసి నా ఒళ్లో పెట్టింది. "రాళ్లేరు," అంది. ఇద్దరం చాలాసేపు రాళ్లు ఏరాం. చేట సగమయ్యాక ఎక్కడికి వెళ్లానో చెప్పాను.

"ఆడికి పోయినందుకు తిట్టను," అంది. "ఈడికొచ్చినందుకు చాయ్ పోస్త." నిజంగానే లేచి పోసింది. ఆ చాయ్‌లో అల్లం లేదు, గోదాములో దొరకదట. అంత రుచైన చాయ్ నేను తాగి ఎరగను.

నేను లేవబోతుంటే అడిగింది. "మొగిలి కనవడ్డడా?"

ఆలోచిస్తే, వాన పడినప్పటి నుంచీ సొరంగంలో ఆయన బండి చప్పుడు నేను వినలేదు.

ఆరుద్ర కార్తె, గురువారం

నా బదులు ఇంకొకామె ఫ్యాను చూసింది.

పొద్దున్నే యాకమ్మక్కా నేనూ మొగిలన్న గదికి వెళ్లాం. తలుపు గడియ లేదు. చాప మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. కళ్లు సగం మూసి ఉన్నాయి, పెదాలు బీటలు వారాయి, నుదుటి మీద పట్టీ. మొహం మాత్రం ఎంత ప్రశాంతంగా ఉందో! ఆ ప్రశాంతత చూస్తే నాకు భయం వేసింది, అసూయ కూడా కలిగింది. యాకమ్మక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు బయట కూసో. నీళ్లు, గంజి తెచ్చిపెట్టు చాలు," అంది. ఆ గదిలో తను కాపు కాయాల్సింది మొగిలన్న ఒక్కడినే కాదు, నన్ను కూడా అని ఆమెకు తెలుసు.

పట్టీని లాగేయలేదు. వాన మధ్యలో లాగితే మనిషి అదిరిపోతాడు. అది దానంతట అది ఆగేదాకా తడిగుడ్డతో పెదాలు అద్దుతూ కూర్చుంది. ఆగాక మెల్లగా ఊడదీసింది. ఆయన కళ్లు తెరిచి, ఆమెను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"సిగ్గయితున్నదక్కా."

"సిగ్గు తర్వాత పడుదువు గాని. ముందు గంజి తాగు."

తాగాడు. చేతులు వణికితే ఆమె గిన్నె పట్టుకుంది. కొంతసేపటికి గుమ్మం దగ్గర ఉన్న నన్ను చూశాడు.

"గదేం వాన చెల్లె? ఇన్నేండ్లు దాని కోసమేనా మనం..." అని ఆగిపోయాడు. "అందరు ఎగురుతుండ్రు. నేను గూడ ఎగిరిన. ఇంటికొచ్చి కూసున్నంక, నా ఒక్కనికే ఏదో లోపమున్నదనిపించింది."

"నాక్కూడ గట్లనే అనిపించింది మొగిలన్నా."

ఆయన నా వైపు తిరిగాడు. తర్వాత ఏడ్చాడు. "మొన్న దవాఖాన నుంచొస్తే చప్పట్లు కొట్టిండ్రు. మల్ల గదే దవాఖానకు ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

"ఉన్న మొఖమే పెట్టుకొని పో," అంది యాకమ్మక్క. "ఎంట మేమొస్తం."

సామాను బండి మీదే ఆయన్ని పడుకోబెట్టి తీసుకెళ్లాం. తోలింది నేను. దారిలో ఎదురైనవాళ్లు పక్కకు తప్పుకున్నారు, కొందరు మొహం తిప్పుకున్నారు. యాకమ్మక్క బండి పక్కనే నడుస్తూ, ఎదురైన ప్రతి మనిషినీ పేరు పెట్టి పలకరించింది. ఊరేగింపు వెంట వెళ్తున్నట్టు నడిచింది.

ఇంటికి వచ్చి సాంబయ్యకు అంతా చెప్పాను. మొగిలన్న గురించీ, పుట్టగొడుగుల షెడ్ల గురించీ, వాన నాటి ఏడుపు గురించీ. ఆయన చేతిలోని రొట్టె ముక్కను తిరిగి కంచంలో పెట్టాడు.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అంత సంబురంల ఉంటివి."

పునర్వసు కార్తె, ఆదివారం

ఫ్యాను నడుస్తోంది. నీళ్లు ఆగాయి.

ఇవాళ మళ్లీ సభ. విత్తనం, కాలువలు, గొడుగుల మరమ్మతు. ఆఖరున యాకమ్మక్క లేవబోయింది. ఆమెకంటే ముందు సాంబయ్య లేచాడు. నేను ఆశ్చర్యపోయాను. సభలో మా ఆయన ఎప్పుడూ నోరు విప్పడు.

"సర్పంచి సాబ్, ఆనాడు చప్పట్లు కొట్టినోళ్లల్ల నేనున్న," అన్నాడు. "వాన పడ్డనాడు నా పెండ్లాం ఏడ్చింది. సంతోషంతోని అనుకున్న. ఒక్క కంచంల తినెటోన్ని, నాకే తెల్వలే. యాకమ్మకు తెలిసింది. ఎట్ల తెలిసింది? వారం వారం వచ్చి కూసున్నది గనక తెలిసింది. నేను దవాఖాన దాక మోసిన, నా పనైపోయిందనుకున్న. ఆడినుంచి ఇంటి దాక ఆమె మోసింది."

ఎవరూ నవ్వలేదు. నేను తల దించుకున్నాను, కళ్లు మసకబారాయి.

సుదర్శనం గడ్డం నిమురుకున్నాడు. "ఎన్నాళ్లు కావాలె యాకమ్మా? ఒక గడువు చెప్పు."

"నాకు తెల్వదు సాబ్. కొందరికి ఏడాది. కొందరికి బతుకంత."

"గోదాముల మంది లేరు."

"పొద్దంత గోదాముల చేస్త. పొద్దుమీకి నా బిళ్ల నాకియ్యిండ్రి."

అంతే ఒప్పందమైంది. పూర్తిగా ఇవ్వలేదు, సగమే ఇచ్చారు. సగం పూటలో ఒక్క మనిషి అందరి దగ్గరికీ తిరగడం అయ్యే పని కాదు. కాబట్టి మాలో కాస్త నిలదొక్కుకున్నవాళ్లం తలా ఇద్దరి దగ్గరికి వెళ్లాలని, మళ్లీ తాళం తీయించిన బట్టలుతికే గదిలో మాట్లాడుకున్నాం. ఏడెనిమిది మందిమి ఉండేవాళ్లం, ఇవాళ అయిదుగురమే వచ్చాం. ఒకతను ఎవరికీ చెప్పకుండా వేరే ఊరు వెళ్లిపోయాడు. అతని గ్లాసులో కూడా యాకమ్మక్క చాయ్ పోసి పెట్టింది. చల్లారాక తనే తాగింది.

పుష్యమి కార్తె, మంగళవారం

ఫ్యాను నడుస్తోంది.

మొగిలన్న దవాఖాన నుంచి వచ్చాడు. ఈసారి చౌరస్తాలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గేటు దగ్గర యాకమ్మక్క, నేను, సాంబయ్య ఉన్నాం. గది దాకా నడిచాం. పైన సజ్జ మొలకెత్తిందని సాంబయ్య చెబితే, ఊ అన్నాడు. జోకులు వేయలేదు. చిక్కిపోయాడు.

యాకమ్మక్క ఆయన్ని నాకు అప్పగించింది. ఏం మాట్లాడాలో చెప్పమని అడిగితే, "మాటలదేమున్నది? పోయి కూసో," అంది. అక్కడితో నా చదువు పూర్తయిపోయింది!

సాయంత్రం వెళ్లాను. ఆయన తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా చాప మీదికి వెళ్లి కూర్చున్నాడు. నేను గుమ్మంలో కూర్చున్నాను. మా వీధిలో మేక తాడు తెంపుకొని గోదాములోకి దూరిన సంగతి చెప్పాను. వింటున్నాడో లేదో తెలియలేదు. అయినా చెప్పాను. మేకను పట్టుకోవడానికి వెళ్లిన సర్పంచి విత్తనాల కుప్ప మీద జారి పడ్డాడని చెప్పేసరికి ఆయన మూతి కొంచెం కదిలింది. నవ్వు కాదు. అయినా కదిలింది.

యాకమ్మక్క ఇన్ని నెలలు బకెట్ మీద కూర్చొని ఏం చేసిందో నాకు అప్పుడు తెలిసింది. ఎదుటి మనిషి మౌనంగా ఉన్నా, విసుక్కున్నా, మొహం తిప్పుకున్నా, ఆ పూట అక్కడ ఉండటం ఎంత కష్టమో తెలిసింది. లేచి పోవాలని ఎన్నిసార్లు అనిపించిందో! ఆమెకూ అనిపించే ఉంటుంది. ఒక్క మంగళవారం కూడా మానలేదు.

"అన్నం తిన్నవా అన్నా?" అన్నాను.

"తిన్న."

"ఏం కూర?"

ఆయన చల్లారిన పొయ్యి వైపు చూశాడు. నేను లేచి ఆయన పొయ్యి వెలిగించి పప్పు పెట్టాను. ఇద్దరం తిన్నాం. గిన్నెలు ఆయనే కడిగాడు.

లేచి చెప్పులు వేసుకుంటుంటే, నా వైపు చూడకుండా అన్నాడు. "రేపు రావొద్దు చెల్లె. నాకెవ్వరితోని మాట్లాడబుద్ధయితలేదు."

"సరే," అన్నాను.

సొరంగం మలుపు దాకా వచ్చాను. వెనక తలుపు తీసిన చప్పుడైంది.

"అన్సూర్యా," అని పిలిచాడు. "ఎల్లుండి ఎన్నింటికొస్తవ్?"